అడిగారు కనుక: నాలుగేళ్లు నిండని ఎమ్మెల్యే, ఊరూరా విగ్రహం

గత సంచికలో విజయవాడ కొండల మీది ఇళ్ల పట్టాల గురించి రాస్తూ ఒకచోట దివంగత ఎమ్మెల్యే వంగవీటి మోహన రంగా పేరు రాశాను. ఒకే ఒక్క వాక్యం. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాలు చూస్తే పట్టాల సంగతి ఎవరికీ పట్టినట్టు లేదు. అందరికీ ఆ ఒక్క వాక్యమే కావాలి. కొందరు దండం పెట్టారు, కొందరు తిట్టారు. ఒకాయన రెండూ చేశారు, అదీ ఒకే ఇన్లాండు కవరులో. (ఇన్లాండు కవర్లు ఇంకా దొరుకుతున్నాయన్నమాట!) సరే, ఈసారి శీర్షిక మొత్తం ఆయనకే. నేను విలేకరిని కాను, ఏ పార్టీలోనూ లేను. విజయవాడలో రెవెన్యూ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా చేరి, ఆ ఉద్యోగంలోనే తల నెరిసిన దాన్ని. మా ఆఫీసు కిటికీలోంచి ఎంత కనిపించిందో అంతే చెబుతాను.

*ప్రశ్న: మా అమ్మమ్మ వాళ్ల ఊరి సెంటర్లో రంగా విగ్రహం ఉంది. పక్క ఊళ్లోనూ ఉంది. ఆయన ఒక్కసారే ఎమ్మెల్యే అట, మంత్రి కూడా కాలేదట. అసెంబ్లీలో ఏం చేశారని ఇన్ని విగ్రహాలు? (డిగ్రీ విద్యార్థిని, తెనాలి)*

తల్లీ, అసెంబ్లీ సంగతి ముందు చెప్పేస్తాను, అది చిన్న జవాబు. ఆయన గెలిచింది 1985 మార్చి ఎన్నికల్లో, విజయవాడ తూర్పు నుంచి, కాంగ్రెస్ టికెట్టు మీద. అప్పటి సభలో 294 సీట్లు. రామారావు గారి తెలుగుదేశానికి 202, కాంగ్రెస్‌కు 50. ఆ యాభైలో ఒకరు, అదీ మొదటిసారి వచ్చినవారు, హైదరాబాదులో కూర్చుని చట్టాలు చేయించే పరిస్థితి ఎక్కడిది? 1988 డిసెంబరు 26న ఆయన్ని చంపేశారు. నాలుగేళ్లు కూడా నిండలేదు. విగ్రహాలకు కారణం సభలో వెతికితే దొరకదు, బెజవాడ సందుల్లో వెతకాలి.

అప్పటి బెజవాడ ఎట్లా ఉండేదో నీకు తెలియాలి. మూడు కాలవలు, పెద్ద రైల్వే జంక్షను, మద్రాసు వెళ్లాలన్నా కలకత్తా వెళ్లాలన్నా లారీ ఆగాల్సిన ఊరు. లారీ డ్రైవర్లు, క్లీనర్లు, టాక్సీవాళ్లు, రిక్షావాళ్లు, బస్తాలు మోసే ముఠా కూలీలు. మా ఆయన వన్‌టౌన్‌లో ఒక లారీ బుకింగ్ ఆఫీసులో గుమస్తా. ఆయన మాటల్లో చెప్పాలంటే, "ఇక్కడ బస్తా దిగాలన్నా ఎక్కాలన్నా ఎవరో ఒకరి మనిషివై ఉండాలి." మొదట్లో ఆ ఎవరో ఒకరు కమ్యూనిస్టులు. 1961లో అఖిల భారత పార్టీ మహాసభ జరిగిన ఊరు ఇది, యూనియన్లన్నీ వాళ్లవే. ఆ యూనియన్లలో గట్టి మనిషి చలసాని వెంకటరత్నం. ఉయ్యూరు దగ్గర కాటూరు నుంచి వచ్చిన వంగవీటి రాధాకృష్ణ మొదట ఆయన దగ్గరే ఎదిగి, తర్వాత విడిపోయారు. ఆ రాధా తమ్ముడే రంగా.

ఇక్కడి నుంచి లెక్క రాయడానికి చెయ్యి రాదు. 1972లో వెంకటరత్నాన్ని చంపారు. 1974లో రాధాను చంపారు. అన్న పోయాక రంగా ముందుకు వచ్చారు. కొన్నాళ్లు ఆయన వెంటే ఉన్న దేవినేని సోదరులు కాలేజీ సంఘాల దగ్గర తేడా వచ్చి వేరైపోయారు. 1979లో వాళ్లలో గాంధీని, 1988లో మురళిని చంపారు. అదే ఏడాది చివర రంగా. పదహారేళ్లలో అయిదు పేర్లు. ఇవి మీకు తెలిసిన పేర్లు మాత్రమే. వాళ్ల వెనక పేరు రాని కుర్రాళ్లు ఎందరో. అందులో మా వీధి చివర సైకిల్ షాపు అబ్బాయి ఒకడు.

మరి విగ్రహం ఎందుకంటావా? ఒక రోజు సంగతి చెబుతాను. 1984 మొదట్లో, ఊరి భూమి లెక్కలు రాసే కరణాల వ్యవస్థ రద్దయింది. ఇళ్ల లెక్క రాయడానికి మనుషులు చాలక మా లాంటి గుమస్తాలను కూడా కొండ ఎక్కించారు. నేను వెళ్లింది క్రీస్తురాజుపురం వైపు. చీర కుచ్చిళ్లు దోపుకుని, చేతిలో రిజిస్టరు పెట్టుకుని ఎక్కడం. మెట్లంటే మెట్లు కావు, రాళ్లు. కుళాయి కింద రోడ్డు మీద ఉంటుంది, బిందె నెత్తిన పెట్టుకుని పైకి మోయాలి. ఒకామె ఇంటికి మూడు గోడలే. నాలుగో గోడ కొండరాయి. పేరు రాసుకుని వేలిముద్ర వేయించుకున్నాక ఆమె నన్ను ఆపింది. "పేరు రాశావు సరే. రేపు మునిసిపాలిటీ వాళ్లు గునపాలతో వస్తే నిన్నెక్కడ వెతుక్కోను?" అంది.

నా దగ్గర జవాబు లేదు. నాది సాయంత్రం అయిదు దాకా ఉద్యోగం. ఆమెకు కావలసింది రాత్రి పదింటికి తలుపు తట్టగలిగే ఇల్లు. కొండ మీద, కృష్ణలంకలో, రాణిగారి తోటలో చాలామందికి ఆ ఇల్లు రంగా ఇల్లు. పట్టా కావాలన్నా, మగాణ్ణి స్టేషన్లో కూర్చోబెట్టినా, ఆస్పత్రిలో మంచం దొరక్కపోయినా అక్కడికే. 1981లో విజయవాడ కార్పొరేషన్‌కు జరిగిన తొలి ఎన్నికల్లో ఆయన కార్పొరేటరుగా గెలిచింది ఆ తలుపు మహిమతోనే. నాలుగేళ్లకు ఎమ్మెల్యే అయిందీ దానితోనే. కాంగ్రెస్ టికెట్టు తర్వాతి సంగతి.

పోరంబోకు అంటే ఎవరికీ పట్టా లేని సర్కారు భూమి. అందులో రెండు రకాలు. అభ్యంతరం లేనిది, అభ్యంతరం ఉన్నది. మొదటి దాన్ని క్రమబద్ధం చేసి పట్టా ఇవ్వొచ్చు. కాలవ గట్టు, రోడ్డు మార్జిను, చెరువు రెండోదానిలోకి వస్తాయి, వాటికి ఇవ్వకూడదు. ఏది ఏదో తేల్చేది ఫైలు. ఆ ఫైలు కదలాలంటే ఎమ్మెల్యే ఉత్తరం కావాలి, అది చాలకపోతే ఎమ్మార్వో (ఇప్పటి తహసీల్దారు) గది ముందు జనం కావాలి. ఉత్తరాలు అన్ని పార్టీలవాళ్లూ రాసేవారు. జనాన్ని తేగలిగినవాళ్లు తక్కువ.

ఇందులో మా పాపమూ ఉంది, అదీ చెప్పాలి. కొండ మీద ఇంటికి పట్టా ఇచ్చాం గానీ కొండ జారకుండా గోడ కట్టించలేదు. 2024 ఆగస్టు 31న పడ్డ వానకు మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయినప్పుడు నాకు ఆ మూడు గోడల ఇల్లే గుర్తొచ్చింది. పట్టా ఇప్పించిన నాయకులను మెచ్చుకునేటప్పుడు, ఇచ్చిన మమ్మల్ని మెచ్చుకునేటప్పుడు, ఆ రాయి సంగతి కూడా తలుచుకోండి.

*ప్రశ్న: మా నాన్న "రంగా గారు" అంటారు. మా మేనమామ "రౌడీ" అంటాడు. పండక్కి కలిస్తే భోజనాల దగ్గర గొడవ. మీరైనా సూటిగా చెప్పండి, ఏది నిజం? (మెకానిక్, ఆటోనగర్)*

బాబూ, సూటిగానే చెబుతాను, కానీ మీ ఇంట్లో గొడవ ఆగుతుందని హామీ ఇవ్వను.

ఆయన మీద కేసులు ఉండేవి, జైలుకు వెళ్లారు. ఇది ఎవరూ కాదనరు. ఆయన వర్గం అంటే జనం భయపడేవారు, అవతలి వర్గం అన్నా భయపడేవారు. బీసెంట్ రోడ్డులో షట్టరు సగం దించి వ్యాపారం చేసిన రోజులు మాకు తెలుసు. మీ మేనమామ అవి చూసి ఉంటాడు. మీ నాన్న ఆ తలుపు తట్టి ఉంటాడు. నాకు అర్థమైంది ఒకటే. పేదవాణ్ణి ఒక్క ఫోనుతో స్టేషన్ నుంచి విడిపించగలిగిన మనిషి అంటే ఆ స్టేషన్ కూడా జంకే మనిషే. ఆ జంకు ఎక్కడి నుంచి వచ్చిందని అడగకుండా, విడిపించినందుకు దండం మాత్రం పెడతామంటే కుదరదు. విడిపించింది మర్చిపోయి జంకు గురించి మాత్రమే మాట్లాడినా కుదరదు.

ఇంకొక సంగతి. దీన్ని రెండు కులాల యుద్ధమని, రంగా వైపు కాపులు, దేవినేనివారి వైపు కమ్మలు అని చెప్పేవాళ్లు మీకు చాలామంది తగులుతారు. కులం లేదని నేను అనను. 1988 జులైలో విజయవాడలో కాపునాడు సభ జరిగాక రంగా పేరు బెజవాడ దాటిపోయింది, గోదావరి జిల్లాల దాకా వెళ్లింది. ఊరూరా విగ్రహాలకు అదొక పెద్ద కారణం, తెనాలి అమ్మాయికి పైన చెప్పడం మర్చిపోయాను. కానీ మొదలు కులంతో కాలేదు. లారీ యూనియన్లో, కాలేజీ ఎన్నికల్లో, ఎవరి మాట చెల్లాలన్న పంతంలో మొదలైంది. కులం తర్వాత వచ్చి కూర్చుంది, కూర్చున్నాక లేవలేదు. రంగా భార్య రత్నకుమారి పుట్టింది కమ్మవారింట్లో. ఈ ఒక్క మాట మీ భోజనాల దగ్గర అనండి, కాసేపు ఇద్దరూ అన్నం మీద దృష్టి పెడతారు.

*ప్రశ్న: అన్ని కేసులున్న మనిషి ఇవాళ అయితే పోటీ చేయగలిగేవారా? (లాయరు గుమస్తా, గుంటూరు)*

చేయగలిగేవారు. మీకు తెలిసే అడిగి ఉంటారు, అయినా మిగతావారి కోసం చెబుతాను. కేసు ఉన్నంత మాత్రాన అనర్హత రాదు, శిక్ష పడాలి. ప్రజాప్రాతినిధ్య చట్టం 8వ సెక్షను ప్రకారం రెండేళ్లు, ఆపైన శిక్ష పడితే ఆ శిక్షాకాలం, దాని మీద ఇంకో ఆరేళ్లు పోటీకి పనికిరారు. పదవిలో ఉన్నవాళ్లు అప్పీలు వేసుకుని కుర్చీలో కొనసాగే వెసులుబాటు ఒకటి ఉండేది. దాన్ని సుప్రీంకోర్టు 2013 జులై 10న లిల్లీ థామస్ కేసులో కొట్టేసింది. ఇప్పుడు శిక్ష పడితే సీటు వెంటనే ఖాళీ.

నిజంగా మారింది వేరే ఉంది. 1985లో అభ్యర్థి తన మీద ఎన్ని కేసులున్నాయో ఓటరుకు చెప్పాల్సిన పని లేదు. సుప్రీంకోర్టు తీర్పుల వల్ల 2002, 2003 తర్వాత అఫిడవిట్టులో రాసి ఇవ్వాల్సి వస్తోంది. నేను ఎన్నికల డ్యూటీలో ఆ కాగితాలను నోటీసుబోర్డుకు గుండుసూదులతో గుచ్చినదాన్ని. వాటి ముందు నిలబడి చదివినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, వాళ్లలో సగం మంది అవతలి అభ్యర్థి ఏజెంట్లు. రంగా విషయంలో అయితే ఆ కాగితం పెట్టినా ఓటు ఒక్కటి తగ్గేది కాదనుకుంటాను. తూర్పు నియోజకవర్గంలో ఆ కేసులు తెలియనివాళ్లు ఎవరు?

*ప్రశ్న: ఆ రోజు మీరు ఎక్కడ ఉన్నారు? మా అమ్మ కర్ఫ్యూ గురించి కథలు కథలుగా చెబుతుంది. (గృహిణి, ఏలూరు)*

సోమవారం. ముందు రోజు క్రిస్మస్, ఆదివారం కూడాను. గుణదల వైపు చుట్టాలింటికి వెళ్లి కేకు ముక్కలు కాగితంలో చుట్టుకుని తెచ్చుకున్నాం. తెల్లవారుజామున పాలబ్బాయి రాలేదు. ఎదురింటి మామ్మగారు అరుగు మీద నిలబడి, "రంగాను చంపేశారట" అంది. గట్టిగా అనలేదు. ఆవిడ మామూలుగా మాట్లాడితే వీధి చివరికి వినిపిస్తుంది, ఆ రోజు నాకే సరిగ్గా వినిపించలేదు.

ఆయన రోడ్డు పక్కన శిబిరం వేసుకుని నిరాహార దీక్షలో ఉన్నారు. పేదల ఇళ్ల పట్టాల కోసమని కొందరు రాశారు, ప్రాణానికి రక్షణ కోరుతూ అని కొందరు రాశారు. ఎమ్మెల్యే అయి ఉండీ రెండూ రోడ్డు మీద కూర్చుని అడగాల్సి వచ్చింది. దాడి చేసినవాళ్లు అయ్యప్ప మాల వేషంలో వచ్చారని ఆ రోజు నుంచీ చెప్పుకుంటున్నారు. నల్లబట్టల సీజను కదా, ఎవరికి అనుమానం వస్తుంది? ఆ ఏడు మా మరిది నిజంగానే మాల వేసుకున్నాడు. వారం రోజులు ఇల్లు కదలనివ్వలేదు వాణ్ణి.

తొమ్మిదయ్యేసరికి ఏలూరు రోడ్డు వైపు నల్లటి పొగ లేచింది. మధ్యాహ్నానికి పొగ ఏ దిక్కున లేదో చూసుకోవాల్సి వచ్చింది. దుకాణాలు, సినిమా హాళ్లు, బస్సులు, ఇళ్లు. ఒక కులం వాళ్లవని పేర్లు చూసి మరీ తగలబెట్టారు. విజయవాడతో ఆగలేదు. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లో అల్లర్లు జరిగి పదుల సంఖ్యలో మనుషులు చనిపోయారు. మా ఆఫీసులో పక్క బల్ల మీద పనిచేసే ఆయన తమ్ముడి బట్టల కొట్టు కాలిపోయింది. ఆయనకు వంగవీటివారితోగానీ దేవినేనివారితోగానీ ఏ సంబంధమూ లేదు. బోర్డు మీద ఇంటిపేరు ఉంది, అంతే.

తర్వాత కర్ఫ్యూ. మీ అమ్మగారు చెప్పిన కథలన్నీ నిజమే అయి ఉంటాయి. మొదట రెండు గంటలు సడలించేవారు. ఆ రెండు గంటల్లో పాలు, కిరోసిను, కూరలు, మందులు. కాళేశ్వరరావు మార్కెట్టు దాకా వెళ్లి వచ్చే టైము ఉండదు, వీధిలో బండి మీద ఏది వస్తే అది. మా ఇంట్లో పదిహేను రోజులు పప్పు, గోంగూర పచ్చడి. మా చిన్నది నాలుగేళ్లది. సైరను మోగితే బడి వదిలారనుకుని చప్పట్లు కొట్టేది. రెవెన్యూవాళ్లం కనుక నాకు కర్ఫ్యూ పాసు ఇచ్చారు, ఆఫీసుకు వెళ్లి నష్టం లెక్కలు రాశాను. "కాలిన ఇనుప బీరువా ఒకటి, లోపల బూడిద." ఇట్లాంటి వాక్యాలు పేజీలకు పేజీలు. పరిహారం దరఖాస్తులో ఒక ముసలాయన "కారణం" అనే గడిలో ఏమీ రాయకుండా సంతకం పెట్టి ఇచ్చాడు. నేను కూడా అడగలేదు.

అప్పటి హోం మంత్రి మన గుంటూరు జిల్లా మనిషి, నరసరావుపేట డాక్టరు కోడెల శివప్రసాదరావు. హత్య తర్వాత పదవికి రాజీనామా చేశారు. హత్య కేసు ఏళ్లకు ఏళ్లు నడిచింది, చివరికి ముద్దాయిలందరినీ కోర్టు నిర్దోషులని విడిచిపెట్టింది. అంటే కాగితం మీద చూస్తే, చంపినవాళ్లెవరో ఇప్పటికీ లేరు.

*ప్రశ్న: రంగా తర్వాత ఆ సీటు ఏమైంది? రెండు కుటుంబాలూ ఇంకా అట్లాగే ఉన్నాయా? (రిటైర్డు టీచరు, పెనమలూరు)*

మాస్టారూ, ఈ జవాబు రాస్తూ నాకే నవ్వొచ్చింది, కాస్త చేదు నవ్వు.

1989లో కాంగ్రెస్ 181 సీట్లతో తిరిగి వచ్చింది, తెలుగుదేశం 74కు పడిపోయింది. రంగా హత్య, ఆ అల్లర్లు ఈ ఓటమికి ఒక కారణమని కోస్తాలో అందరూ ఒప్పుకుంటారు, ఎంత కారణమన్న దగ్గర కొట్టుకుంటారు. తూర్పులో రత్నకుమారి గెలిచారు. 1994లో మళ్లీ ఆవిడే. ఆ రెండో గెలుపు పెద్దది. రాష్ట్రం మొత్తం మీద కాంగ్రెస్‌కు వచ్చిందే 26 సీట్లు, అందులో ఒకటి ఆవిడది. 1999లో అదే సీటు నుంచి బీజేపీ తరఫున గెలిచింది ఎవరో గుర్తుందా? నటుడు కోట శ్రీనివాసరావు. తెర మీద ఎన్ని రకాల దుర్మార్గపు రాజకీయ నాయకుల వేషాలు వేశారో, తూర్పు ఓటర్లు మాత్రం నిక్షేపంగా ఓటేశారు.

ఇక 2004. రంగా కొడుకు, పెదనాన్న పేరే పెట్టుకున్న వంగవీటి రాధాకృష్ణ, కాంగ్రెస్ తరఫున తూర్పులో గెలిచారు. కంకిపాడులో 1983 నుంచి వరసగా నాలుగుసార్లు తెలుగుదేశం తరఫున గెలిచిన దేవినేని నెహ్రూ (పైన చెప్పిన సోదరుల్లో ఒకరు), అదే 2004లో కాంగ్రెస్ తరఫునే గెలిచారు. ఒకే పార్టీ, ఒకే సభ, ఒకే వైపు బల్లలు! మళ్లీ 2019లో రాధాకృష్ణ తెలుగుదేశంలో చేరారు. నెహ్రూ కొడుకు అవినాష్ ఆ ఎన్నికల్లో గుడివాడలో పోటీ చేసిందీ తెలుగుదేశం తరఫునే. సైకిల్ షాపు అబ్బాయి తల్లి 2004లో ఇంకా బతికే ఉంది. పేపరులో ఆ ఫలితాలు నేనే చదివి వినిపించాను. కళ్లజోడు తుడుచుకుని, "ఇద్దరూ ఒకటేనా ఇప్పుడు?" అని మాత్రం అడిగింది. "ఊఁ" అన్నాను. ఇంకేమనను?

ఒక పిట్టకథ. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడదీసినప్పుడు విజయవాడ జిల్లాకు ఎన్టీఆర్ పేరు పెట్టారు. రంగా పేరు పెట్టాలని అప్పట్లో గట్టిగానే అడిగారు. రామారావు గారు పుట్టిన నిమ్మకూరేమో ఎన్టీఆర్ జిల్లాలో లేదు, కృష్ణా జిల్లాలోనే మిగిలిపోయింది. రెవెన్యూలో పనిచేసినదాన్ని కనుక సరిహద్దుల సంగతి వదల్లేను, క్షమించండి.

*ప్రశ్న: పార్టీ మారిన ఎమ్మెల్యే పదవి వెంటనే ఎందుకు పోదు? (రైతు, తాడికొండ)*

రంగా గెలిచిన 1985లోనే ఫిరాయింపుల చట్టం వచ్చింది. నిర్ణయం స్పీకరుది, ఇన్ని రోజుల్లో తేల్చాలని చట్టంలో గడువు లేదు. చిక్కంతా అక్కడే. 2014లో గెలిచిన వైఎస్సార్ కాంగ్రెస్ ఎమ్మెల్యేలు 23 మంది తెలుగుదేశంలోకి వెళ్లారు, వారిలో నలుగురు మంత్రులు కూడా అయ్యారు. సభ కాలం అయిపోయినా ఫిర్యాదులు తేలలేదు. అప్పటి స్పీకరు, పైన చెప్పిన కోడెల గారే. తర్వాతి సభలో అటువాళ్లు ఇటు వచ్చారు, ఇటువాళ్లు అటు వెళ్లారు. స్పీకరు తమ్మినేని సీతారాం రెండు వైపులా నలుగురేసి చొప్పున ఎనిమిది మందిపై వేటు వేశారు, 2024 ఫిబ్రవరిలో. ఎన్నికలు మేలో. మీ తాడికొండ, దాని పక్కన గుంటూరు పశ్చిమం, రెండూ ఆ ఎనిమిదిలో ఉన్నాయి. కోత అయిపోయాక చేనుకు కంచె వేసినట్టు. మీకు ఇంతకంటే వివరంగా చెప్పక్కర్లేదు.

*ప్రశ్న: మా నాన్నకు 1987లో కొండ మీద ఇంటికి పట్టా వచ్చింది. నాన్న పోయారు. పట్టా నా పేరు మీదికి మార్చుకోవాలి. అది రంగా గారి ఫొటో పక్కన ఫ్రేము కట్టించి గోడకు ఉంది. ఏం చేయాలి? (టైలరు, విజయవాడ)*

హమ్మయ్య, నాకు తెలిసిన ప్రశ్న.

నాన్నగారి మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, మీ ఆధారు, ఇంటిపన్ను రశీదు, కరెంటు బిల్లు పెట్టుకుని తహసీల్దారు ఆఫీసులో దరఖాస్తు ఇవ్వండి. అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు ఉంటే వాళ్ల సమ్మతి రాయించుకోండి, "మేం మేం అనుకున్నాం" అంటే కుదరదు. దరఖాస్తు ఇచ్చిన చోట రశీదు అడిగి తీసుకోండి, సిగ్గుపడొద్దు. మధ్యలో ఎవరైనా "పట్టా ఇటివ్వండి, నేను చూసుకుంటా" అంటే ఇవ్వకండి. సర్కారు పేదలకిచ్చిన అసైన్డు పట్టా అమ్ముకోవడానికి 1977 చట్టం అడ్డు పెట్టింది, ఆ చట్టాన్ని తర్వాత సవరించారు కనుక, ఎవరైనా కొంటామని వస్తే ముందు ఆఫీసులో కనుక్కోండి.

పట్టా అసలు కాగితాన్ని ఆ ఫ్రేములోంచి జాగ్రత్తగా తీయండి. ఇన్నేళ్లకు అద్దానికి అంటుకుపోయి ఉంటుంది, లాగితే ముద్ర ఊడుతుంది. బ్లేడుతో అంచు నుంచి మెల్లగా రండి. నాలుగు జిరాక్సులు తీయించి, అసలు కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువాలో దాచండి. లామినేషన్ మాత్రం చేయించకండి, ముద్ర సరిచూడటానికి వీలుండదని వెనక్కి పంపేస్తారు. ఫ్రేములో జిరాక్సు పెట్టుకోండి. ఫొటో ఉన్నచోటే ఉండనివ్వండి.